నీడల నుంచి రూపం: అరిగిన శాసనాన్ని చదివే కాంతి పాఠం



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దంతెవాడ జిల్లాలో, ఇంద్రావతి నదికి దగ్గరలో బార్సూర్ అనే ఊరు ఉంది. పూర్వపు బస్తర్ ప్రాంతాన్ని ఏలిన నాగవంశపు రాజుల కాలంలో అది పెద్ద పట్టణం. అక్కడి బత్తీసా ఆలయానికి ముప్ఫై రెండు స్తంభాల మండపం, రెండు గర్భగుడులు ఉన్నాయి. సోమేశ్వరదేవుని రాణి గంగమహాదేవి ఇద్దరి పేర్లతో రెండు శివాలయాలు కట్టించిందని బార్సూర్ శాసనం చెబుతుంది. శాసనంలోని కాలం శక సంవత్సరం 1130, అంటే సుమారు క్రీ.శ. 1208. ఆ శాసనం భాష తెలుగు.

ఎనిమిది వందల ఏళ్ళ నాటి తెలుగు రాత గోదావరికి ఉత్తరాన, అడవుల మధ్య ఒక రాతి మీద నిలిచి ఉండడం మనకు సంతోషం కలిగించే విషయమే. కాని రాతికి కూడా ఆయుష్షు ఉంటుంది. బస్తర్‌లో వానలు ఎక్కువ. తడి, నాచు, ఎండ, పసుపు కుంకుమలు, నూనె, చేతుల రాపిడి అన్నీ కలిసి అక్షరాల అంచులను మెల్లమెల్లగా అరగదీస్తాయి. ఒక అంకె అరిగిపోతే శాసనం కాలం వందేళ్ళు ముందుకో వెనక్కో జరగవచ్చు. ఒక పేరు చెరిగిపోతే దాత ఎవరో తెలియకుండా పోవచ్చు.

అరిగిన అక్షరాన్ని రాతిని ముట్టుకోకుండా చదవడం ఎలా? దీనికి సమాధానం మీరు పదో తరగతిలో చదివిన కొసైన్, ఇంటర్మీడియట్‌లో చదివే సదిశలు, మూడు సహసమీకరణాలు. అది ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

ఒకే రాయి, రెండు వేళలు

శాసనాలు చదివేవారికి ఒక పాత అలవాటు ఉంది. మిట్టమధ్యాహ్నం కంటికి ఏమీ కనబడని రాతిని వాళ్ళు పొద్దున్నే గాని, సాయంత్రం గాని మళ్ళీ చూస్తారు. కాంతి ఏటవాలుగా పడినప్పుడు అవే గీతలు స్పష్టంగా లేచి కనబడతాయి. ఎండ పడని చోట అద్దంతో వెలుగును పక్కనుంచి రాతి మీదికి మళ్ళిస్తారు.

దీనికి కారణం లాంబర్ట్ సూత్రంలో ఉంది. 1760లో యోహాన్ హైన్రిచ్ లాంబర్ట్ అనే శాస్త్రవేత్త కాంతి కొలతల గురించి రాసిన గ్రంథంలో దీన్ని వివరించాడు. సున్నం గోడ, మట్టి కుండ, ఇసుకరాయి వంటి మెరుపు లేని తలాలు తమ మీద పడిన కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. మీ పాఠ్యపుస్తకంలో దీన్నే అక్రమ పరావర్తనం అన్నారు. అటువంటి తలం ఎంత వెలుగుగా కనిపిస్తుందనేది కాంతి కిరణానికీ, తలానికి గీసిన అభిలంబానికీ మధ్య ఉన్న కోణం యొక్క కొసైన్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది.

అభిలంబం అంటే తలానికి నిట్టనిలువుగా బయటికి పొడుచుకు వచ్చే రేఖ అని మీకు తెలుసు. తలం ఎటు చూస్తున్నదో చెప్పే బాణం అనుకోండి. కిరణం సూటిగా ఆ బాణం వెంట వస్తే కోణం సున్న, వెలుగు 100 అనుకుందాం. కోణం 30 డిగ్రీలైతే వెలుగు 87, 60 డిగ్రీలైతే 50, 80 డిగ్రీలైతే 17 మాత్రమే.

ఇప్పుడు అరిగిన అక్షరం సంగతి చూడండి. దాని గాడి అంచు చుట్టూ ఉన్న రాతికన్నా 5 డిగ్రీలు మాత్రమే వాలి ఉందనుకుందాం. కాంతి ఎదురుగా పడితే చదునైన రాతి వెలుగు 100, గాడి అంచు వెలుగు 99.6. ఈ తేడాను కన్ను పట్టుకోలేదు. అదే కాంతి 75 డిగ్రీల ఏటవాలున పడితే చదునైన రాతి వెలుగు సుమారు 26, కాంతి వైపు తిరిగిన అంచు వెలుగు 34. అంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. సాయంత్రపు ఎండలో అక్షరం లేచి కనబడడంలోని రహస్యం ఇదే.

ఒక్క ఫొటో ఎందుకు చాలదు?

అయితే ఏటవాలు వెలుగులో ఒక మంచి ఫొటో తీసుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. చదవడానికి కొంత ఉపయోగపడుతుంది. కాని ఫొటోలో ఒక చుక్క చీకటిగా ఉంటే, అది ఎందుకు చీకటిగా ఉందో ఆ ఫొటో చెప్పలేదు. రెండు కారణాలు ఉండవచ్చు. అక్కడ రాయి కాంతికి పెడగా తిరిగి ఉండవచ్చు. లేదా రాయి చదునుగానే ఉండి, నాచు మరకో మసో పట్టి నల్లబడి ఉండవచ్చు. వాలు, రంగు అనే రెండు సంగతులు ఒకే అంకెలో కలిసిపోయి ఉంటాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. వెలుగు ఎటునుంచి వస్తున్నదో తెలియకపోతే గుంట గుట్టలాగా, గుట్ట గుంటలాగా కనిపిస్తుంది. మన మెదడు వెలుగు పైనుంచే వస్తున్నదని అనుకోవడానికి అలవాటు పడింది. చంద్రుని మీది బిలాల ఫొటోను తలకిందులు చేసి చూడండి. బిలాలు బుడిపెలుగా మారిపోతాయి.

ఒక్క చిత్రంలోని వెలుగునీడల నుంచి రూపాన్ని రాబట్టే సమస్యను 1970లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో బెర్తోల్డ్ హార్న్ తన పరిశోధనా గ్రంథంలో గణితపరంగా పరిష్కరించడానికి పూనుకున్నాడు. తలం నునుపుగా ఉండాలి, రంగు అంతటా ఒకటే కావాలి వంటి షరతులు పెట్టుకుంటేనే ఆ సమస్య లొంగుతుంది. మరకలతో నిండిన పాత రాతి విషయంలో ఆ షరతులు చెల్లవు.

మూడు దీపాలు, మూడు సమీకరణాలు

1980లో రాబర్ట్ వుడ్‌హామ్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ఉపాయం చాలా సులువైనది. కెమెరాను కదపకండి. రాతిని కదపకండి. దీపాన్ని మాత్రం మార్చి మార్చి పెట్టి మూడు ఫొటోలు తీయండి. కెమెరా కదలలేదు కనుక మూడు ఫొటోలలోనూ ఒకే పిక్సెల్ రాతి మీది ఒకే చుక్కను చూస్తుంది. ఆ చుక్కకు మూడు వెలుగు అంకెలు దొరుకుతాయి. మనకు తెలియనివి కూడా మూడే.

ఆ మూడూ ఏమిటి? అభిలంబం ఒక సదిశ. దాన్ని ఆ చుక్క రంగు బలంతో, అంటే కాంతిని తిప్పి పంపే సామర్థ్యంతో గుణిద్దాం. వచ్చిన సదిశకు మూడు భాగాలు ఉంటాయి. కుడివైపు భాగం క, పైవైపు భాగం చ, కెమెరా వైపు భాగం ట అందాం. లాంబర్ట్ సూత్రం ప్రకారం ఫొటోలోని వెలుగు అంటే ఈ సదిశకూ, దీపం దిశకూ మధ్య బిందు లబ్ధమే.

దీపాన్ని మొదట కుడివైపు, తరువాత ఎడమవైపు, చివరకు పైవైపు పెడదాం. ప్రతిసారీ అది రాతి నుంచి పక్కకు 60 సెంటీమీటర్లు, కెమెరా వైపుకు 80 సెంటీమీటర్లు ఉండేట్టు చూద్దాం. అప్పుడు పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దూరం ప్రతిసారీ సరిగ్గా ఒక మీటరు. సమీకరణాలు ఇలా వస్తాయి.

కుడి దీపం వెలుగు = 0.6 క + 0.8 ట
ఎడమ దీపం వెలుగు = −0.6 క + 0.8 ట
పై దీపం వెలుగు = 0.6 చ + 0.8 ట

రాతి మీద రెండు చుక్కలు తీసుకుందాం. మొదటి చుక్కకు కుడి, ఎడమ, పై దీపాల వరుసలో 98, 62, 80 అంకెలు వచ్చాయి. రెండో చుక్కకు 62, 62, 62 వచ్చాయి. ఎడమ దీపం ఫొటో ఒక్కటే మీ దగ్గర ఉంటే రెండు చుక్కలూ ఒకేలా, 62గా కనిపిస్తాయి. వాటి మధ్య తేడా తెలుసుకునే దారే లేదు.

ఇప్పుడు మూడింటినీ వాడుదాం. మొదటి చుక్కకు, మొదటి రెండు సమీకరణాలను కూడితే 1.6 ట = 160, కనుక ట = 100. తీసివేస్తే 1.2 క = 36, కనుక క = 30. మూడో సమీకరణం నుంచి చ = 0. అంటే ఆ చుక్క దగ్గర అభిలంబం కుడివైపు వంగి ఉంది. వాలు 30/100, అంటే 0.3. కోణంలో చెప్పాలంటే దాదాపు 17 డిగ్రీలు. సదిశ పొడవు సుమారు 104. అది రంగు బలం.

రెండో చుక్కకు అదే లెక్క చేయండి. 1.6 ట = 124, కనుక ట = 77.5. క = 0, చ = 0. వాలు ఏమీ లేదు. అది చదునైన చోటే, రంగు బలం మాత్రం 77.5. అంటే మొదటిది లేతరంగు రాతి మీద చెక్కిన గాడి అంచు, రెండోది చదునైన రాతి మీది మరక. ఒక్క ఫొటోలో కలిసిపోయిన రెండు సంగతులు మూడు ఫొటోలతో విడిపోయాయి. మరకలతో సంబంధం లేకుండా చెక్కిన రూపాన్ని మాత్రమే చూపడం అంటే ఇదే.

గాడి ఎటుందో కూడా తెలిసిపోతుంది. కుడివైపు చూసే వాలు గాడికి ఎడమ అంచున ఉంటుంది, బుడిపెకైతే కుడి అంచున ఉంటుంది. ఒక అంచు తరువాత మరొక అంచు ఏ వరుసలో వచ్చిందో చూస్తే అది గుంటో గుట్టో సందేహం లేకుండా చెప్పవచ్చు.

వాలుల నుంచి లోతుకు

ప్రతి పిక్సెల్ దగ్గరా వాలు తెలిసింది. లోతు ఎలా తెలుస్తుంది? కళ్ళు మూసుకుని మెట్లు దిగేటప్పుడు ఒక్కొక్క అడుగుకు ఎంత దిగామో కూడుకుంటూ పోతే మొత్తం ఎంత కిందికి వచ్చామో తెలుస్తుంది కదా. ఇక్కడా అంతే. ఒక పిక్సెల్ రాతి మీద 0.1 మిల్లీమీటరు అనుకుంటే, 0.3 వాలున్న చోట ఒక్కొక్క పిక్సెల్‌కు 0.03 మిల్లీమీటరు దిగుతాం. పది పిక్సెళ్ళు దాటితే 0.3 మిల్లీమీటరు లోతు. కళాశాల విద్యార్థులు దీన్ని సమాకలనంగా గుర్తుపడతారు.

ఈ కూడికలో ఒక బలహీనత ఉంది. ప్రతి వాలులోనూ చిన్న పొరపాటు ఉంటే అది కూడుకుంటూ పోయి పెద్దదవుతుంది. అందువల్ల అక్షరం వంటి చిన్న వివరాలను ఈ పద్ధతి చక్కగా పట్టుకుంటుంది గాని, రెండు మీటర్ల రాతిపలక మొత్తం వంపును సరిగా చెప్పలేకపోవచ్చు. అందుకే మొత్తం ఆకారానికి వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫొటోల పద్ధతినో, త్రిమితీయ స్కానర్‌నో వాడి, సూక్ష్మ వివరాలకు ఈ పద్ధతిని జతచేస్తారు.

సూర్యుణ్ణే దీపంగా వాడుకోవచ్చా?

ఆలయం ఆరుబయట ఉంది, దీపాలెందుకు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫొటోలు తీస్తే చాలదా? మంచి ప్రశ్న. దీని సమాధానంలో అందమైన గణితం ఉంది.

మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి పడమర అస్తమిస్తాడు. ఆ రోజంతా సూర్యుని దిశలన్నీ ఒకే సమతలంలో ఉంటాయి. ఒకే సమతలంలో ఉన్న మూడు సదిశలలో ఒకదాన్ని మిగతా రెండింటి నుంచి రాబట్టవచ్చు. కనుక మూడో ఫొటో కొత్త సంగతేమీ చెప్పదు. సమీకరణాలు చూడడానికి మూడైనా, నిజానికి రెండే. నిర్ణాయకం విలువ సున్న అవుతుంది, సాధన దొరకదు. జూన్‌లోనో డిసెంబరులోనో పరిస్థితి కొంత మెరుగు. అందువల్ల దీపాలు మూడు ఉంటే చాలదు, మూడూ ఒకే సమతలంలో లేకుండా ఉండాలి.

నల్ల గోళీ చేసే సాయం

దీపం ఎక్కడుందో ప్రతిసారీ టేపుతో కొలవడం అడవి మధ్య ఆలయంలో కష్టం. దీనికి చక్కటి మార్గం ఉంది. శాసనం పక్కన, ఫొటోలో పడేట్టుగా, నున్నటి నల్ల గోళీ ఒకటి పెడతారు. దీపం ఎటుంటే గోళీ మీద మెరుపుచుక్క అటువైపు కనిపిస్తుంది. గోళీ గుండ్రం కనుక, మెరుపుచుక్క ఉన్నచోట అభిలంబం ఏమిటో జ్యామితి చెబుతుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానం అన్న నియమం నుంచి దీపం దిశ వచ్చేస్తుంది. దూరం ఒకేలా ఉండడానికి దీపానికి ఒక దారం కట్టి కొలుచుకుంటారు.

ఆచరణలో మూడు ఫొటోలతో ఆగరు. ఇరవై నలభై ఫొటోలు తీసి, కొన్నింటిలో నీడ పడినా మిగతావాటితో సరిచేసుకుంటారు. 2001లో హ్యూలెట్ పకార్డ్ ప్రయోగశాలకు చెందిన టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు మరొక మెట్టు ఎక్కారు. దీపం దిశ మారితే ప్రతి పిక్సెల్ వెలుగు ఎలా మారుతుందో ఆరు గుణకాల వర్గ బహుపదిగా భద్రపరిచారు. దాంతో కంప్యూటర్ తెర మీద మౌస్‌ను కదుపుతూ, రాతి మీద దీపాన్ని కావలసిన వైపుకు జరుపుతున్నట్టే చూడవచ్చు. 2005లో ఇదే పద్ధతితో ఏథెన్స్ మ్యూజియంలోని ఆంటికిథెరా యంత్రం మీది అరిగిన గ్రీకు అక్షరాలను పరిశీలించారు. రెండు వేల ఏళ్ళ నాటి ఆ కంచు పరికరం మీది రాతను చదవడంలో ఎక్స్-కిరణాలతో పాటు ఈ వెలుగు కూడా సాయపడింది.

ఎక్కడ తడబడుతుంది?

బస్తర్‌లోనే దీనికి ఒక ఉదాహరణ చూడవచ్చు. కొండగావ్ పరిసరాల్లో డోక్రా కళాకారులు మైనపు దారాలను అచ్చు చుట్టూ చుట్టి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆ బొమ్మల మీద సన్నని దారపు వరుసలు అందంగా కనిపిస్తాయి. కాని మెరుగుపెట్టిన ఇత్తడి కాంతిని అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లదు. అద్దంలాగా ఒకే దిక్కుకు ఎక్కువగా పంపుతుంది. అక్కడ లాంబర్ట్ సూత్రం చెల్లదు. మెరుపుచుక్కను వాలుగా లెక్కగడితే లేని గుంటలు పుట్టుకొస్తాయి. నూనె పూసిన విగ్రహం, తడిసిన రాయి కూడా అంతే. లోతైన గాడిలో ఒక గోడ నీడ మరొక గోడ మీద పడినా, ఒక గోడ వెలుగు మరొక గోడను తాకినా లెక్క తప్పుతుంది.

దీపాల దిశలు అసలు కొలవకపోతే వచ్చే చిక్కును 1999లో బెల్‌హ్యూమర్, క్రీగ్‌మన్, యూయిల్ నిరూపించారు. అప్పుడు లోతుగా చెక్కిన శిల్పానికీ, పలుచగా చెక్కిన శిల్పానికీ ఫొటోలు ఒకేలా రావచ్చు. గోడ మీద పలుచగా చెక్కిన ఏనుగు నిండు ఏనుగులా మనకు కనిపించడం వెనక ఉన్నది కూడా ఈ సంగతే. గోళీ పెట్టడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీరే చేసి చూడండి

చదునైన బంకమట్టి బిళ్ల చేసి, దాని మీద మేకుతో ఒక అక్షరం గీయండి. బాగా ఆరాక ఒక మూల సిరా మరక వేయండి. బిళ్లను బల్ల మీద పెట్టి, పుస్తకాల దొంతర ఆధారంగా ఫోన్‌ను దాని పైన కదలకుండా నిలపండి. గది చీకటి చేయండి. టార్చిని బిళ్ల నుంచి 60 సెంటీమీటర్లు పక్కకు, 80 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని, కుడి, ఎడమ, పై దిక్కుల నుంచి మూడు ఫొటోలు తీయండి. ఫోన్ ఎక్స్‌పోజర్‌ను తప్పక లాక్ చేయండి. లేకపోతే చీకటి ఫొటోను ఫోనే వెలుగుగా మార్చేస్తుంది, లెక్క పనికిరాదు. టార్చి ఆర్పి ఇంకొక ఫొటో తీసి, గదిలో మిగిలిన వెలుగును మిగతా అంకెల నుంచి తీసివేయండి.

ఏదైనా ఫొటో సాఫ్ట్‌వేర్‌లో గాడి అంచున, మరక మీద, చదునైన చోట పిక్సెల్ అంకెలు చూసి పై సమీకరణాలలో వేయండి. మామూలు ఫొటోలోని అంకెలు అసలు కాంతికి సరిగ్గా అనుపాతంలో ఉండవు కనుక జవాబు కొంచెం తేడాగా వస్తుంది. రా ఫార్మాట్‌లో తీస్తే మెరుగు. అయినా మరక ఏది, గాడి ఏది అన్న తీర్పు మీకు స్పష్టంగా దొరుకుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. రక్షిత కట్టడాలలో ట్రైపాడ్లు, దీపాలు వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. అక్షరం కనిపించాలని శాసనం మీద సుద్ద రుద్దకండి, నీళ్ళు పోయకండి.

ఇప్పుడే ఎందుకు?

శాసనాలకు తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి తీసే నకళ్ళ వల్లనే మన చరిత్రలో ఎక్కువ భాగం తెలిసింది. ఆ పనికి మనం ఎంతో ఋణపడి ఉన్నాం. కాని రాలిపోయే స్థితిలో ఉన్న రాతికి ప్రతి నకలూ ఒక దెబ్బే. వెలుగు రాతిని కొట్టదు. బెంగళూరులోని మిథిక్ సొసైటీ 2021 నుంచి ఆ నగర పరిసరాల శాసనాలను త్రిమితీయ స్కానర్లతో నమోదు చేస్తున్నది. దీపం, కెమెరా, గోళీ ఉన్న కళాశాల కూడా తన ఊరి శాసనానికి ఇటువంటి నమోదు చేయగలదు.

2017 జనవరిలో దంతెవాడ జిల్లా ఢోల్‌కల్ కొండ మీది సుమారు మూడడుగుల గణపతి విగ్రహం శిఖరం నుంచి కిందపడి ముక్కలైంది. అడవిలో ముక్కలు వెతికి ఏరి తెస్తే, నిపుణులు వాటిని కలిపి మళ్ళీ నిలిపారు. అన్ని రాళ్ళకూ ఆ అదృష్టం దక్కదు. రాతి ఉపరితలం ఎలా ఉండేదో ముందే కొలిచి ఉంచితే, అరిగిపోయాక గాని పగిలిపోయాక గాని పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం మిగులుతుంది.

దంతెవాడ దంతేశ్వరి ఆలయంలో 1703 నాటి దిక్పాలదేవుని శాసనం ఉంది. దాన్ని సంస్కృతంలోనూ, వాడుక భాషలోనూ చెక్కించారు. ముందుముందు సంస్కృతం చదవగలవారు తగ్గిపోతారని, అందుకే భాషలో కూడా రాస్తున్నామని అందులోనే కారణం చెప్పారు. రాబోయే తరాలవారు చదవాలన్నదే చెక్కించినవారి కోరిక. ఆ తరాలలో మీరూ ఉన్నారు. సెలవుల్లో మీ ఊరి గుడి దగ్గర అరిగిన శాసనం ఉంటే ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం చూసి రండి.

ఆలోచించండి

1. ఒక చుక్కకు కుడి, ఎడమ, పై దీపాల కింద 49, 31, 40 అంకెలు వచ్చాయి. దాని వాలు ఎంత? పాఠంలోని మొదటి చుక్కతో పోలిస్తే దీనిలో మారినది ఏమిటి?
2. ఒక చుక్కకు మూడు అంకెలలో ఒకటి సున్న వచ్చింది. దాన్ని సమీకరణంలో అలాగే వాడవచ్చా? ఎందుకు?
3. కుడి, ఎడమ దీపాలకు తోడు మూడో దీపాన్ని కెమెరా పక్కనే, రాతికి ఎదురుగా పెడితే చ విలువ దొరుకుతుందా?